వనపర్తి కాలేజీ ముందు బారు

పిల్లలు ఎక్కువమంది ఉన్న కాలేజీ వెతికి మరీ మా అమ్మాయిని ఎక్కడ చేర్పించానో చెబుతాను. మీరు నవ్వినా నొచ్చుకోను.

రెండేళ్ళ క్రితం నా భార్య పోయింది. అప్పటినుంచి నాగర్‌కర్నూల్ ఇంట్లో నేనూ, మా శ్రావణీ. తలుపులు కూడా మెల్లగా వేసుకుంటాం. వాళ్ళమ్మ ఉండగా గలగలలాడిన పిల్ల మాటే మరచిపోతుందేమోనని నా భయం.

"ఈడనే మహిళా కాలేజీల చేరుత నాయినా, నడిచిపోవచ్చు" అన్నది ఇంటర్ కాగానే.

"గాడ ఎంతమందుంటరు బిడ్డా? మందిల పడితేనే నోరు తెరుస్తవ్" అన్నాను.

వనపర్తి వెళ్ళి మూడు కాలేజీలు చూశాను. చూడటమంటే, గేటు బయటినుంచే! కొత్తకోట హైవే మీద లారీలు ఎక్కువ ఆగిన ధాబాలోనే తినాలని మా వైపు అందరి నమ్మకం. ఆ కొలతే ఇక్కడా పెట్టాను. రెండింటి దగ్గర మనిషి జాడ లేదు. మూడోదాని ముందు, అబ్బో! ఆఫీసు కిటికీ నుంచి రోడ్డు దాకా బారు.

"రోజూ గింతమంది ఉంటరా అన్నా?" అని టీ కొట్టాయనను అడిగాను.

"వారం సంది గిట్లనే ఉన్నది సార్."

ఇంకేం కావాలి! ఆన్‌లైన్‌లో ఆ ఒక్క ఆప్షనే పెట్టించాను. సీటు వెంటనే వచ్చింది. అంత సులువుగా ఎందుకొచ్చిందని ఆలోచించలేదు.

మొదటిరోజు సాయంత్రం శ్రావణి బస్సు దిగి వచ్చింది.

"ఎంతమంది ఉన్నరు బిడ్డా?"

"మా గ్రూపుల పేర్లు ముగ్గురివి. వచ్చింది నేనొక్కదాన్నే."

"మరి ఆ దినం గంత బారు?"

"వాళ్ళు టీసీలు తీస్కోనీకె వచ్చినోళ్ళంట నాయినా. ఇడిసిపెట్టి పోయేటోళ్ళు."

మా ఇంటి ముందు కూడా ఒకసారి అంతమంది గుమిగూడారు, రెండేళ్ళ క్రితం. గుంపున్న చోటల్లా కళ ఉండదని ఆనాడైనా నేర్చుకోవలసింది.

మారుద్దామంటే గడువు దాటింది. సారు రోజూ ఒక్క పేరే పిలుస్తాడు, ప్రశ్నలన్నీ ఆమెనే అడుగుతాడు. తప్పించుకోవడానికి ముందు వరసలో తల ఏదీ లేదు. పాపం, నోరు తెరవక తప్పలేదు. తెరిచింది కూడా. కానీ సాయంత్రం నేను చాయ్ పెట్టి, "ఇయ్యాల ఏం చెప్పిండ్రు?" అని ఆశగా కూర్చుంటే, "పొద్దుగాల నుంచి నేనొక్కదాన్నే జవాబు చెప్పిన నాయినా, జర సప్పుడు చెయ్యకుండ కూసోనీ" అంటుంది.

గ్లాసు ఆమె పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోతాను. మొన్న అక్కడ, ఈల వేయని కుక్కరును పైకే బతిమాలుతుంటే, వెనక నుంచి శ్రావణి గొంతు:

"ఎవరితోని మాట్లాడుతున్నవ్ నాయినా?"

మంది ఎక్కువున్న కాలేజీలో చేరవలసింది నేనే.