ఇచ్చోడలో బస్సు ఆపిన బొప్పాయి పాలు

పగలు కరీంనగర్ కళాశాల ప్రయోగశాలలో గాజు గొట్టాలు కడుగుతూ, రాత్రి తరగతుల్లో చదివి, నలభై ఆరో ఏట నేను విజ్ఞానశాస్త్ర పట్టభద్రుణ్ణయ్యాను. ఈ సంగతి ఎవరూ అడగకపోయినా చెబుతుంటాను. పచ్చి బొప్పాయి పాలలో మాంసకృత్తులను జీర్ణం చేసే ఎంజైము ఉంటుంది. దాన్ని వేరుచేసి, ఏ వేడిలో ఎంత చురుగ్గా పనిచేస్తుందో తేల్చాలన్నది నా సంకల్పం. "పాలు చెడకుండా తెస్తే ప్రయోగాల బల్ల మీకే. చెడితే మళ్లీ గొట్టాలే" అన్నారు మా ఉపన్యాసకులు.

బోథ్‌లో నా బావమరిది గంగన్నకు బొప్పాయి తోట ఉంది. పొద్దున్నే కరీంనగర్‌లో బస్సెక్కి, నిర్మల్‌లో ఒకసారి, ఇచ్చోడలో ఒకసారి మారితే సాయంత్రానికి చేరతాం. మర్నాడు ఎండ రాకముందే కాయలు గీశాం. ఇనుము తగిలితే ఎంజైము పాడవుతుందని వెదురు పేడు వాడాం.

"బావా, గీ వయసుల కాయలకు పాలు పిండుడేంది? మా బర్రెలు కానొస్తలేవా?" అన్నాడు గంగన్న. పాలను ఉప్పునీటిలో కలిపి సీసాలో పోసుకొని బయలుదేరాను.

మధ్యాహ్నం ఇచ్చోడలో నిర్మల్ బస్సు కండక్టరు నన్ను మెట్టుమీదే ఆపాడు.

"కల్లు సీసతోని బస్సెక్కుతవా, పెద్దమనిషీ? దిగు."

"ఇది కల్లు కాదు, ద్రావణం."

"అందరు గట్లనే అంటరు."

పక్కనున్న చాయ్ హోటలు యజమాని తీర్పరి అయ్యాడు. "మసులుతున్న పాలల్ల జర పొయ్యి. పులిసిన కల్లయితే ఇరుగుతయి."

పోశాను. పాలు విరగలేదు.

"కల్లు గాదు. ఎక్కు సార్, పరేషాన్ చేసినవ్" అన్నాడు కండక్టరు.

నేను ఎక్కలేదు. మసిలే పాలలో ఎంజైము ఎలాగూ చస్తుంది. కానీ సీసాలోది ఈ ఎండకు ఇంకా బతికే ఉందా? ఇప్పుడే తెలియాలి. బతికుంటే గోరువెచ్చని పాలను గడ్డకట్టించాలి.

"గోరువెచ్చని పచ్చిపాలు ఒక గ్లాసు ఇప్పించండి."

"ఎక్కుతనంటే నేనొద్దన్న, ఎక్కుమంటే నువ్వెక్కవా?" అని కండక్టరు నెత్తి కొట్టుకున్నాడు. డ్రైవరు హారను మోగిస్తున్నాడు. ప్రయాణికులంతా దిగి నా చుట్టూ మూగారు.

పాలలో ద్రావణం కాస్త పోసి, కాసేపటికి గ్లాసు బోర్లించాను. ఒక్క బొట్టూ జారలేదు. "జున్ను!" అంటూ ఒక ముసలమ్మ వేలితో తీసుకొని నోట్లో పెట్టుకొని, వెంటనే ఉమ్మేసింది. "థూ! చేదున్నది!"

"చేదే ఉండాలి, అవ్వా! మాంసకృత్తులు తెగితే వచ్చే చేదే అది!" అని బజారులో జీవితంలో మొదటిసారి అరిచాను.

"ఉమ్మితే సంబురపడేటోన్ని ఇయ్యాల్నే చూస్తున్న" అన్నాడు కండక్టరు.

సంధ్యవేళ గోదావరి వంతెన దాటుతుంటే సీసా నా ఒడిలో ఉంది. పట్టా పుచ్చుకున్ననాడు కూడా నా చదువుమీద ఇంత నమ్మకం కలగలేదు. ఇప్పుడు బల్ల నాది, గొట్టాలు కూడా నేనే కడుక్కుంటున్నాను.

ఇదే పనిమీద వెళ్లేవారికి ఒక సూచన: బస్సు రాకముందే గోరువెచ్చని పచ్చిపాలతో పరీక్షించుకోండి. రుచి చూసే పని మాత్రం ఇతరులకు వదిలేయండి.