నిండా ఒక నిమిషం

చార్టులో ఊపిరి లెక్క దగ్గర వరసగా ఇరవై, ఇరవై, ఇరవై అని కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. వార్డులో పన్నెండు మంచాలుంటే పన్నెండు మందీ కూడబలుక్కుని ఒకేలా ఊపిరి పీలుస్తారా? మొన్న ఒక స్టూడెంట్‌ని అదే అడిగాను. ఆ పిల్ల తల దించుకుని, "నాడి చూసిన మేడమ్, ఊపిరి మాత్రం అందాజగ రాసిన" అంది. ఇంకో నాలుగు తగిలిద్దామని నోరు తెరిచి, మళ్లీ లెక్కపెట్టి రాయమని మాత్రం చెప్పి పంపేశాను. ఇదే బాన్సువాడ ఆసుపత్రిలో, ఇదే ఆడవాళ్ల వార్డులో, ఒకప్పుడు నేనూ అందాజగానే రాశాను.

అప్పుడు నాది నర్సింగ్ రెండో ఏడాది. పొద్దున్నే మంచం మంచానికీ తిరిగి జ్వరం, నాడి, ఊపిరి, బీపీ చూసి చార్టులో ఎక్కించడం మా పని. ఊపిరి లెక్కంటే మా అందరికీ చిన్నచూపు. ఇంజక్షన్లు ఇవ్వాలి, సెలైన్ ఎక్కించాలి, అదీ మా ఉబలాటం. ఊరికే నిలబడి ఒకరి ఛాతీ వంక చూడడం కూడా ఒక విద్యేనా అనుకునేదాన్ని.

వార్డు చూసుకునే పెద్ద సిస్టర్ మాత్రం మొదటి రోజే నన్ను పక్కన నిలబెట్టుకుని నేర్పింది. "ఊపిరి లెక్కవెడుతున్న అని పేషెంటుకు చెప్పకు. చెప్తే ఊపిరి తీరే మారుతది. నాడి చూసుడు అయినంక గూడ చెయ్యి ఇడువకు. ఇంక నాడే చూస్తున్నవ్ అనుకుంటరు. నువ్వు రొమ్ము దిక్కు చూడు. నిండ ఒక నిమిషం. అర నిమిషం చూసి రెట్టింపు చేసుడు గిట్ల నా దగ్గర నడువది."

బుద్ధిగా తలూపాను. మూడో రోజు నుంచే అందరికీ ఇరవై రాయడం మొదలుపెట్టాను. సీనియర్లు అలాగే రాసేవాళ్లు మరి.

కిటికీ పక్క మంచం మీద ఒక అవ్వ ఉండేది. నస్రుల్లాబాద్ వైపు నుంచి దగ్గుతో, ఆయాసంతో వచ్చింది. వచ్చిన రెండు రోజులకే కాస్త తేరుకున్నట్టు కనిపించింది. చిన్నప్పటి నుంచీ బీడీలు చుట్టిన మనిషి. నేను ఎప్పుడు వెళ్లినా మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, ముందుకు వంగి కూర్చునే ఉండేది. పడుకోమంటే వినేది కాదు.

"బీడీలు చేసి చేసి నాకు గిట్ల కూసునుడే అలవాటైంది బిడ్డా. మంచిగనే ఉన్న" అనేది.

నమ్మేశాను. ఎందుకు నమ్మను? మా అమ్మా బీడీల మనిషే. రుద్రూర్ దగ్గర మా ఊళ్లో, ఒళ్లో చాట పెట్టుకుని, అందులో ఆకూ తంబాకూ పోసుకుని, సరిగ్గా అలాగే వంగి కూర్చునేది. నాకు బుద్ధి తెలిశాక అమ్మను నిటారుగా చూసిన రోజులే తక్కువ. బీడీలు ఎరగని ఇంటి పిల్ల ఎవరైనా అయితే, ఈమె పడుకోలేకపోతోందేమో అని అనుమానపడేది. హాస్టల్‌లో ఇంటి మీద బెంగతో ఉన్న నాకు ఆ అవ్వను చూస్తే ప్రాణం లేచి వచ్చింది గానీ అనుమానం రాలేదు.

అవ్వకు ఒకటే ధ్యాస, ఇల్లు. వాడకట్టు ఆడవాళ్లంతా ఆమె గడప దగ్గర చేరి బీడీలు చుట్టేవాళ్లట. "నేను లేకపోతే ఒక్కతి గూడ రాదు. గడప బోసిపోతది. ఎప్పుడు పంపుతరో జర డాక్టర్ సార్‌ను అడుగు బిడ్డా" అని రోజూ నా కొంగు పట్టుకున్నంత పని చేసేది.

ఆ పొద్దున డాక్టర్ గారు రౌండ్‌కొచ్చి చార్టు చూశారు. జ్వరం లేదు. ఊపిరి మూడు రోజులుగా ఇరవై. "బాగానే ఉంది, మధ్యాహ్నం ఇంటికి పంపండి" అని వేరే వార్డుకు వెళ్లిపోయారు. పెద్ద సిస్టర్ చార్టు వంక ఓసారి, నా వంక ఓసారి చూసింది.

"లెక్కవెట్టినవా?"

"పెట్టిన సిస్టర్."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం! సిస్టర్ పక్క మంచానికి వెళ్లింది. అవ్వ అప్పుడే చీర మడత పెట్టుకుంటూ, ఆటో మాట్లాడమని కూతురికి పురమాయిస్తోంది. "ఇంటికి వోంగనే..." అని ఆగింది. "గడప..." అని మళ్లీ ఆగింది. "అలుక్కోవాలె." మూడు మాటలకు రెండుసార్లు ఆగింది. చేతిలో చీర అలాగే ఉండిపోయింది.

దగ్గరకు వెళ్లి మణికట్టు పట్టుకున్నాను. నాడి చూడడం అయిపోయాక చెయ్యి వదల్లేదు. మొదటిసారి నిండా ఒక నిమిషం ఒక మనిషి ఛాతీ వంక చూశాను. ముప్పై నాలుగు. తప్పు లెక్కపెట్టానేమో అని మళ్లీ చూశాను. ముప్పై ఆరు. ఊపిరి లోపలికి తీసినప్పుడల్లా మెడ దగ్గర గుంట పడుతోంది. మూడు రోజులుగా నా కళ్ల ముందే పడి ఉంటుంది.

చెప్తే నా పరువు పోతుంది. చెప్పకపోతే ఈ మనిషి మధ్యాహ్నానికి ఆటో ఎక్కుతుంది, ఆ తర్వాత ఏమవుతుందో. సిస్టర్ దగ్గరకు వెళ్లి, "ఒక్కరోజు గూడ లెక్కపెట్టలే సిస్టర్, అందాజగ రాసిన" అన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. సిస్టర్ వచ్చి అవ్వను చూసి, ఆక్సిజన్ పెట్టించి, "డాక్టర్ సార్‌కు నువ్వే చెప్పాలె. ఏం చేసినవో అదే చెప్పు" అంది. చెప్పాను.

అవ్వను ఆ రోజు పంపలేదు. "నీకేమన్న జేసిన్నా బిడ్డా? ఇంటికి పోనియ్యకపోతివి" అని గోడ వైపు తిరిగింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నా తప్పు ఏమిటో ఆమెకు తెలియనే తెలియదు. వారం దాటాక, నిజంగా తగ్గాక, ఒక పొద్దున తనే చెయ్యి చాపింది. "చూడు. మంచిగ చూడు" అంది. లెక్కపెట్టి పద్దెనిమిది అని రాసుకుని చెయ్యి వదలబోతే, "అయిపాయెనా? ఇంకొంచెం సేపు పట్టుకో" అంది. ఆ మధ్యాహ్నమే ఆటో ఎక్కి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ నన్ను తన గడపకు రమ్మంది. ఇవాళా రేపూ అంటూ నేను వెళ్లనే లేదు.

అంత నేర్చుకున్నాను కదా, ఇక ఆ తప్పు చెయ్యననుకున్నాను.

ఆఖరి ఏడాది పరీక్షలప్పుడు అమ్మ ఫోన్ చేస్తే ఎత్తలేదు, డ్యూటీలో ఉన్నాను. అమ్మకు రాయడం రాదు, అందుకని వాట్సాప్‌లో మాట పంపింది. అన్నం తింటూ, సగం చెవితో విన్నాను. మంచిగనే ఉన్న, అంది. అది విని బొటనవేలి బొమ్మ ఒకటి పంపి పుస్తకం ముందేసుకున్నాను. బస్సెక్కితే ఎంత దూరమని రుద్రూర్! పరీక్షలయ్యాక తీరిగ్గా వెళ్దామనుకున్నాను. ఆ వారమే అమ్మ పోయింది. "పదిహేను దినాల సంది కూసొనే నిద్రవోతుండె బిడ్డా. బీడీల అలవాటే అనుకున్నం" అంది పక్కింటి అక్క. ఆమెను ఏమనగలను? ఆ అలవాటు సంగతి ఆమెకంటే బాగా తెలిసినదాన్ని నేను.

ఇప్పుడు మా స్టూడెంట్లకు మణికట్టు పట్టుకోవడం నేనే నేర్పుతాను. నాడి అయ్యాక చెయ్యి వదలొద్దని వందసార్లు చెప్తాను. వాళ్లు నన్ను ఛాదస్తం మేడమ్ అనుకుంటారని తెలుసు. అనుకోనీ. మా అమ్మ చెయ్యి మాత్రం ఒక్కసారి కూడా అలా నిమిషం పాటు పట్టుకోలేదు. ఒక్కసారి పట్టుకోవాలని ఉంది.

నా దగ్గర అమ్మ వాట్సాప్‌లో పంపిన ఆ మాటొక్కటే మిగిలింది. మొన్న ఆ పిల్లను పంపేశాక డ్యూటీ రూమ్‌లో కూర్చుని మళ్లీ విన్నాను, గడియారం చూస్తూ. కత్తెరతో ఆకు కోస్తున్న చప్పుడు. "బిడ్డా... తిన్నవా... నా ఫికర్ వెట్టుకోకు... మంచిగనే ఉన్న." మాట మాటకీ మధ్య ఊపిరి ఎంత గట్టిగా వినిపిస్తోందో. లెక్కపెట్టాను. నలభై సెకన్లకు ఇరవై నాలుగు. నిండా నిమిషం కాలేదు. నలభై సెకన్ల దగ్గర అమ్మ ఆపేసింది.

"నువ్ పనిల ఉన్నవేమో బిడ్డా, ఇగ పెట్టేస్తున్న."