ధ్రువాల మీద ప్లాస్మా, దిల్‌సుఖ్‌నగర్‌లో డెమో

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పాలంటే ముందు డెమో ఇవ్వాలి. పిల్లల ముందు ఒక క్లాసు చెప్తే, చివర్లో యజమాని "అర్థమైనోళ్లు చేతులెత్తుండ్రి" అంటాడు. లేచిన చేతుల్ని బట్టే ఉద్యోగం. బాబు పుట్టాక ఫిజిక్స్ మూలన పడేసి ఇంట్లో కూర్చున్నదాన్ని. ఇంతకుముందు వెళ్ళిన చోటల్లా "ఫోన్ చేస్తాం" అన్నారు. ఏదీ, ఇంకా చేస్తూనే ఉన్నారు! ఇది కూడా పోతే ఇక ఎవరినీ అడగనని ఒట్టు పెట్టుకున్నాను.

నాకిచ్చిన అంశం, సౌర తుఫానులు ధ్రువాల మీది అయనోస్ఫియర్‌ను, అంటే పై గాలిలో అయాన్లుండే పొరను, ఏం చేస్తాయన్నది. గ్రూప్స్ పరీక్షలో బిట్టు పడుతుందట.

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి చదవడం మొదలుపెట్టాను. తుఫాను వస్తే అక్కడ ప్లాస్మా సాంద్రత పెరుగుతుందని ఒకచోట ఉంది. తగ్గుతుందని ఇంకోచోట. ఓరి నాయనో! ప్లాస్మా అంటే అయాన్లూ ఎలక్ట్రాన్లే. పగటి వైపు పుట్టినవి ధ్రువం మీదుగా చీకటి వైపుకి కొట్టుకొస్తే, అక్కడ పెరుగుతుంది. అదే తుఫాను పై గాలిని వేడెక్కిస్తే, కింది నత్రజని పైకి ఉబుకుతుంది. అప్పుడు ఆ అయాన్లూ ఎలక్ట్రాన్లూ త్వరగా ఒకదాంతో ఒకటి కలిసి మామూలు గాలైపోతాయి, సాంద్రత తగ్గుతుంది. రెండూ నిజమే. మరి ఒకే తుఫానులో ఏది ఎప్పుడు గెలుస్తుంది? అది మాత్రం నా బుర్రకెక్కలేదు. ఆ ఆలోచనలో స్టేషన్ దాటిపోయి, మూసారాంబాగ్‌లో దిగి వెనక్కొచ్చాను.

బోర్డు మీద పైకొక బాణం, కిందికొక బాణం గీసి రెండూ చెప్పాను. రాస్తున్న పెన్నులు ఆగిపోయాయి.

"మేడం, గీ రెండిట్ల ఏది రాసుకోవాలె?" అంది ముందు బెంచీ అమ్మాయి.

"రెండూ రాసుకోమ్మా."

"ఆప్షన్ ఒక్కటే పెట్టాలె గద మేడం!"

ఒకప్పటి తమ పొలంలోనే ఈ బిల్డింగు కట్టుకుని సెంటర్ నడుపుతున్న యజమాని, వెనక బెంచీలోంచి అందుకున్నాడు. "జర ఒక్క లైన్ల చెప్పుండ్రి మేడం. పిల్లలు పరేషాన్ అయితున్నరు."

పెరుగుతుంది అనేస్తే అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఒళ్ళు మండింది. ఉత్తర ధ్రువానికి మన ఆప్షన్లతో పనేంటి?

"ఒక్క లైన్లో పట్టదు సార్. ఎక్కడ, ఎప్పుడు, ఏ కాలంలో అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఏది గెలుస్తుందో నాకే సరిగ్గా తెలీదు, ఇంకా చదవాలి" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఉద్యోగం అడగడానికొచ్చి అనే మాటేనా అది!

"అర్థమైనోళ్లు చేతులెత్తుండ్రి" అన్నాడు యజమాని.

ఒక్క చెయ్యి లేవలేదు. నా మొహం మాడిపోయింది. బ్యాగు సర్దుకోవడం మొదలుపెట్టాను.

"సార్, సగంల ఆపేస్తే ఎట్ల?" అంది ఆ అమ్మాయే. "మేడంను రేపు గూడ రమ్మనుండ్రి. ఏది గెలుస్తదో తెల్వాలె గద!"

"అవ్ సార్, రమ్మనుండ్రి!" అని వెనక నుంచి గోల.

యజమాని తల గోక్కున్నాడు. "గిట్ల ఎన్నడు కాలే. అర్థం కాలేదంటరు, మళ్ల గావాలంటరు. సరే మేడం, రేపు గిదే టైంకు రాండ్రి, చూద్దాం."

ఉద్యోగం వచ్చినట్టో రానట్టో నాకు తెలియలేదు. ఆయనకీ తెలిసినట్టు లేదు. మెట్లు దిగుతూ మా ఆయనకి ఫోన్ చేశాను.

"ఏమన్నారు?" అని ఆయన ఆత్రంగా అడిగారు.

"రేపు రమ్మన్నారండీ."

ఆ మాట అంటుంటే ఏడుపొచ్చేసింది. ఇన్నేళ్ళలో నన్నెవరూ రేపు రమ్మనలేదు.