స్పిరిట్‌లో ముంచిన సూది

2006 జూన్‌లో నన్ను సూర్యాపేట నుంచి నేరేడుచర్ల పశువైద్యశాలకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ చేశారు. పేరులో అసిస్టెంట్ అని ఉన్నా మండలానికి డాక్టర్ నేనే. నా పైన మిర్యాలగూడలో అసిస్టెంట్ డైరెక్టర్, నా కింద అటెండర్ యాదగిరి. నా భర్త చనిపోయి అప్పటికి ఏడాది కాలేదు. రైసుమిల్లు వెనక ఒక గది కిరాయికి తీసుకున్నాను. ఆదివారం వస్తే భయంగా ఉండేది. ఆ రోజంతా నాతో మాట్లాడేవాళ్లు ఉండేవారు కాదు. అందుకే పనిని గట్టిగా పట్టుకున్నాను. నోరు ముందే దురుసు, ఆ రోజుల్లో ఇంకా పెరిగింది.

ఆ ప్రాంతంలో గొర్రెలకు పెద్ద గండం పీపీఆర్. కాపరులు పారుడు రోగం అంటారు. జ్వరం, ముక్కు కారడం, నోట్లో పుండ్లు, ఆపైన విరేచనాలు. మందలో జొరబడిందంటే వారం పది రోజుల్లో సగం మంద పోయినా ఆశ్చర్యం లేదు. దీనికి టీకా ఉంది. పొడి రూపంలో చిన్న సీసాలో వస్తుంది. చల్లటి సెలైన్‌లో కలిపి, గొర్రెకు ఒక మిల్లీలీటరు చొప్పున చర్మం కింద వేయాలి. కలిపిన టీకాను ఒకటి రెండు గంటల్లో వాడేయాలి.

నవంబరులో, వరికోతలకు ముందు, గొర్రెల కాపరి మల్లయ్య మందకూ అతని తమ్ముళ్ల రెండు మందలకూ టీకాలు పెట్టుకున్నాం. కోతలు అయ్యాక కాపరులు మందలను తోలుకొని ఊళ్లు దాటిపోతారు, ఆలోగా వేసేయాలి. తెల్లవారగానే, మంద మేతకు కదలక ముందే మొదలుపెట్టాం. సూర్యాపేటలో ఒకసారి నేను టీకా వేసిన చోట గొర్రెలకు చీముగడ్డలు లేచి, పది మందిలో మాటలు పడ్డాను. అది మనసులో ఉండిపోయింది. అందుకని స్పిరిట్ గిన్నె దగ్గర పెట్టించి, ప్రతి గొర్రెకూ సూది అందులో ముంచాను, సిరంజి లోపల కూడా స్పిరిట్ పీల్చి కడిగాను. అదే సూదిని మళ్లీ టీకా సీసాలోకి గుచ్చాను.

యాదగిరి పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. "మేడం, పాత సారు ఉన్నప్పుడు సూదులు ఉడకబెట్టి సల్లార్చుడే. స్పిరిట్ ముట్టనియ్యకపోతుండె."

డాక్టర్ నువ్వా నేనా అన్నాను. కాపరులు నవ్వారు. అతను గొర్రెలు పట్టే పనిలోకి వెళ్లిపోయాడు.

జనవరిలో మల్లయ్య దగ్గర నుంచి కబురు వచ్చింది. మంద వాడపల్లి దగ్గర, మూసీ కృష్ణలో కలిసే వైపు, కోసిన పొలాల్లో ఉంది. ఎగువ ఊళ్ల నుంచి వచ్చిన మందలతో కలిసి పారుడు రోగం అంటించుకుంది. నేను వెళ్లేసరికి గట్టు పక్కన పాతిక కళేబరాలు పడి ఉన్నాయి. మల్లయ్య అరవలేదు. "సూది ఏసినవ్ గదమ్మా. మళ్ల ఎట్ల సచ్చినయ్? సదువుకున్నదానివి, నువ్వే చెప్పు," అన్నాడు.

ఐసు కరిగి మందు పాడై ఉంటుందన్నాను. మిర్యాలగూడ నుంచి టీకా ఉన్న ఐసు పెట్టెను బస్సులో తెచ్చింది యాదగిరి. అతను నా వెనకే నిలబడి ఉన్నాడు. అసిస్టెంట్ డైరెక్టర్ ఫోనులో అదే కారణం రిపోర్టుగా రాసి పంపమన్నారు, అటెండర్‌కు మెమో ఇస్తే సరిపోతుందన్నారు.

రిపోర్టులో టీకా బ్యాచ్ నంబరు రాయాలి. దాని కోసం టీకా డబ్బా తీసి, లోపల మడిచి ఉన్న సూచనల కాగితం కూడా తెరిచాను. సిరంజీలకు, సూదులకు రసాయనాలు తగలరాదని అందులో ఉంది. స్పిరిట్ కూడా రసాయనమే.

ఈ వైరస్ చుట్టూ కొవ్వుతో చేసిన పలుచని పొర ఉంటుంది. దాని మీద చక్కెర అంటిన మాంసకృత్తులు ముళ్లలా నిలబడి ఉంటాయి. వాటినే గ్లైకోప్రోటీన్లు అంటాం. ఒక రకం ముల్లు గొర్రె కణాన్ని పట్టుకుంటుంది, రెండో రకం ముల్లు వైరస్ పొరను కణం పొరతో కలిపి లోపలికి దారి చేస్తుంది. ఆ ముళ్లను గుర్తుపట్టి అడ్డుకోవడం ఒంటికి నేర్పడమే టీకా పని. టీకాలో ఉండేది బలం తీసిన, బతికున్న వైరస్. ఒంట్లో అది పెరిగితేనే ఒళ్లు నేర్చుకుంటుంది. స్పిరిట్ ఆ కొవ్వు పొరను కరిగిస్తుంది, ముళ్లను పాడుచేస్తుంది. ఇదంతా నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పాఠమే.

తమ్ముళ్ల మందలు వేములపల్లి వైపు ఉన్నాయి, రోగం ఇంకా అంటలేదు. వాటికి వెంటనే మళ్లీ టీకా వేయాలి. తమ్ముళ్లు ఒప్పుకోలేదు. "ఏసినా సస్తయ్, ఏయకున్నా సస్తయ్. పో అమ్మా," అన్నారు. నిజం చెప్పకపోతే ఆ రెండు మందలు కూడా పోతాయి. మల్లయ్యను వెంటబెట్టుకొని వెళ్లి, వాళ్లందరి ముందు చెప్పాను: ఐసు కాదు, యాదగిరి కాదు, నా స్పిరిట్. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మల్లయ్య తమ్ముళ్లతో, "పట్టుండ్రి గొర్రెలను. నాకొచ్చిన బాధ మీకు రావద్దు," అని తనే మొదటి గొర్రెను ఒడిసి పట్టాడు. ఈసారి సూదులు ఉడకబెట్టి చల్లార్చాం. ఆ రెండు మందలూ దక్కాయి. రిపోర్టు ఉన్నది ఉన్నట్టు రాశాను. మెమో నాకు వచ్చింది. మల్లయ్య మాత్రం మళ్లీ నా ఆసుపత్రి గడప తొక్కలేదు, మిగిలిన గొర్రెలకు జబ్బు చేస్తే హుజూర్‌నగర్ తోలుకుపోయేవాడు.

ఆ వారమే యాదగిరిని అడిగాను, రెండోసారి గట్టిగా ఎందుకు చెప్పలేదని. "ఒకసారి చెప్పిన గద మేడం. మీరు అందరి ముంగట నవ్విచ్చిండ్రు. తప్పు ఐసు మీద పెట్టిననాడు గుడ నేను ఊకున్న," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండుననిపించింది.

అక్కడ ఇంకో రెండేళ్లు పనిచేశాను. యాదగిరి అడిగిన దానికి జవాబు చెప్పేవాడు, చెప్పిన పని చేసేవాడు. తనంతట తాను ఒక్క మాట కూడా మళ్లీ చెప్పలేదు. ఆ తర్వాత కోదాడలోనూ, 2014లో రిటైరయ్యే దాకానూ, టీకా సీసా మూత తీసే ముందు, మీరు ఇక్కడ ఎట్లా చేస్తారని అటెండర్‌ను అడిగి, అతను చెప్పడం పూర్తయ్యేదాకా ఆగేదాన్ని. కింది మనిషి నోరు ఒకసారి మూయిస్తే, తర్వాత మనం తప్పు చేస్తున్నప్పుడు ఆపేవాళ్లు ఉండరు.