పారాణి అంచు తెరచాప

మలేసియాలో పేరాక్ నది సముద్రంలో కలిసే చోట, తెలుక్ ఇంటాన్ నుంచి గంట ప్రయాణంలో ఉన్న చిన్న రేవులో కాంతయ్యను ఎరగని కాకి లేదు. ఈ మాట కాంతయ్యే చెప్పుకుంటాడు. ఆయన పని పడవల తెరచాపలకు రంగేయడం. మడచెట్ల బెరడు తొట్టిలో మరిగించి, ఆ కషాయంలో గుడ్డ ముంచితే ఇటుకరంగు పట్టేస్తుంది. ఇక ఉప్పునీటికీ బూజుకీ లొంగదు. ఆ విద్య ఓ చీనా ముసలాయన దగ్గర పట్టాడు. బడి విద్య మాత్రం ఎస్టేటు స్కూలు కిటికీలోంచి దూకిన రోజే ఏటి పాలైంది. మూడో అంతస్తు కిటికీ అంటాడు. ఆ బడికి అటక కూడా లేదు.

ఒకసారి ఆయన తొట్టి పొంగి కషాయం ఏట్లో కలిసిందట. ఈదుకుంటూ పోతున్న మొసలి ఒళ్లంతా ఎర్రబడి ఒడ్డెక్కిందట. మిగతా మొసళ్లు దాన్ని పెళ్లికొడుకనుకుని వెంటపడ్డాయట. టీకొట్టు దగ్గర ఈ కథ విననివాడూ లేడు, నమ్మినవాడూ లేడు.

ఇంత మంది నవ్విపోయినా నష్టం లేని నోరు, పాక్ దిన్ అనే మలయ్ పెద్దాయన ముందు మాత్రం జారకుండా ఉండాల్సింది.

పాక్ దిన్ పడవ ‘జంకు’ అనే పాత చీనా ఓడల తీరుది. తెరచాపకు అడ్డంగా వెదురు బద్దలుంటాయి. తాడు వదిలితే చాలు, విసనకర్రలా మడతలు పడి కిందికి దిగుతుంది. ఆ రేవులో ఇంకా గుడ్డ తెరచాప కట్టేది ఆ పడవొక్కటే. మిగతావాళ్లంతా ఇంజన్లకో నైలానుకో మారిపోయారు. కొత్త గుడ్డ తెచ్చి పడేస్తూ పాక్ దిన్ మలయ్‌లో ఉన్న మాట చెప్పేశాడు, అక్కడివాళ్లంతా మాట చివర తగిలించే ‘లా’తో సహా.

“మా అబ్బాయి లంకావి నుంచి నైలాను తెప్పిస్తానంటున్నాడు. ఈసారి నీ పని వాడి నోరు మూయించాలి కాంతా. లేదంటే నీకు ఇదే ఆఖరి తెరచాప, లా.”

బుద్ధిమంతుడైతే బెరడు బాగా పట్టిస్తానని ఊరుకునేవాడు. కాంతయ్య ఊరుకోలేదు. “నెత్తురులాంటి ఎర్రంచు పెడతాను పాక్. ఎండకి చావదు, వానకి చావదు. నీ పడవ వస్తుంటే సూర్యుడే తప్పుకుని దారిస్తాడు,” అన్నాడు.

అన్నాక ఆలోచన మొదలైంది. కొట్లో దొరికే పెయింటు మడత మడతకీ పగిలి రాలిపోతుంది. అప్పుడు గుమ్మంలో కూర్చున్న భార్య అప్పలమ్మ కాళ్లు కనబడ్డాయి. తెలుగు సంఘం వారి పెళ్లికి వెళ్లొచ్చిన కాళ్లు, పారాణితో ఎర్రగా. పసుపులో సున్నం కలిపితే వచ్చే ఎరుపు! ఇంకేం కావాలి? బెరడు స్నానం అయి ఆరిన తెరచాప చుట్టూ తెల్లగుడ్డ పట్టీ కుట్టి, పళ్లెం నిండా పారాణి కలిపి కూర్చున్నాడు.

“ఏటి మావా, తెరసాపకి పెళ్లి సేస్తన్నావేటి?” అంది అప్పలమ్మ. “నా కాళ్లకే రెణ్ణాళ్లుండదు. సముద్రంలో ఉంటాదా?”

“కాలు నేలమీద రాపిడవుద్ది. తెరసాప గాలిలో నడస్తది. దానికి రాపిడేటే, పిచ్చిదానా?”

“గాలి కబుర్లకి గాలి తెరసాప. బాగుంది లా,” అంటూ ఆమె లోపలికి పోయింది.

ఇవ్వాల్సిన రోజు వచ్చింది. మధ్యాహ్నం పోటుతో పాక్ దిన్ వస్తాడు. సముద్రం వైపు మబ్బు నల్లగా కమ్ముతోంది. వాసాల మీద పరిచిన తెరచాప అంచు మాత్రం భగ్గున వెలుగుతోంది. కాంతయ్య దాన్ని చూసి మీసం దువ్వుకున్నాడు. ఆ చేత్తోనే, ఎప్పటి అలవాటు కొద్దీ, కొబ్బరిపీచు కుంచె కషాయంలో ముంచాడు. కుట్టు పడిన చోటల్లా చివర్న కషాయం చల్లాలి. లేకపోతే ముందు దారం కుళ్లుతుంది. చీనా ముసలాయన తన్ని మరీ నేర్పిన పాఠం అది.

ఒక పక్కంతా చల్లుకుంటూ పోయి, వెనక్కి తిరిగి చూశాడు.

ఎరుపు లేదు. కషాయం చుక్క పడిన చోటల్లా పసుపు. ఆ పసుపు తడితో పాటు పాకుతోంది.

“అప్పలమ్మా! సున్నం! బేగి సున్నం తే!”

ఆమె తమలపాకుల డబ్బాతో పరిగెత్తుకొచ్చింది. సున్నపు నీళ్లు రాస్తే ఎరుపు తిరిగొచ్చింది. హమ్మయ్య అనుకునేలోపు కుట్టులోంచి కషాయం ఊరి మళ్లీ పసుపు చేసింది. రాశాడు. మళ్లీ పోయింది. చేతులు మండుతున్నాయి. గాలి మారింది. ఏటి మలుపులో పాక్ దిన్ పడవ తెరచాప కొయ్య కనబడింది.

“ఎన్నిసార్లు రాస్తావు మావా? బెరడు నీళ్లలో పులుపుంటాది. సబ్బుకి ఎర్రబడిన పసుపు బట్టకి సింతపండు రసం తగిలినట్టే అయింది. వానొస్తే ఆ పసుపూ ఉండదు.”

కాంతయ్య తెరచాపను గబగబా మడవసాగాడు, పసుపైన పక్క లోపలికి, ఎర్రగా మిగిలిన పక్క పైకి. మడతపడే తెరచాపతో ఉన్న సుఖమే అది. కట్టి ఇచ్చేస్తే పాక్ దిన్ విప్పేది సముద్రంలోనే. అక్కడ ఏమైనా నెపం వాన మీద పెట్టొచ్చు, మొసలి మీద పెట్టొచ్చు. అప్పలమ్మ ఓ చివర పట్టుకోలేదు. చేతులు కట్టుకుని నిలబడి చూస్తోంది.

పడవ ఒడ్డుకు తగిలింది. పాక్ దిన్ దిగి, పైకి కనబడుతున్న ఎర్రంచును వేలితో తడిమి, “అబ్బా!” అన్నాడు. “మావాడికి ఇది చూపించాలి.”

ఆ ముఖంలో సంబరం చూశాక కాంతయ్య కడుతున్న తాడు వదిలేశాడు.

“చూపించకు పాక్. ఇది రంగు కాదు. మా ఆడవాళ్లు కాళ్లకి పూసుకునే పసుపూ సున్నం. నా కషాయం తగిలితేనే చచ్చిపోయింది.”

పాక్ దిన్ పగలబడి నవ్వాడు. “మొసలి అయిపోయింది, ఇప్పుడు ఆడవాళ్ల కాళ్లా? కట్టు, కట్టు. వాన దగ్గరపడింది.”

పుట్టి బుద్ధెరిగాక చెప్పిన ఒక్క నిజాన్నీ నమ్మే నాథుడు లేడు. కాంతయ్య తొట్టిలోంచి చెంబుడు కషాయం తీశాడు. ఒక్క క్షణం చేయి ఆగింది. మిగిలిన ఆ ఎర్రంచు అంత అందమైనది ఆ నది మీదికి ఎప్పుడూ రాలేదు. కళ్లు మూసుకుని దాని మీద గుమ్మరించాడు.

పాక్ దిన్ నవ్వు ఆగిపోయింది. ఆయన కళ్లముందే ఎరుపు కరిగి పసుపై కారింది. తర్వాత వంగి, మడతలన్నీ విప్పించాడు. అంచును వదిలేసి, మధ్య గుడ్డను వెలుగుకు ఎత్తి పట్టాడు. మరక లేదు, పలచన లేదు. కుట్టును రెండు చేతులా పట్టి లాగాడు. కదల్లేదు.

“వయసెంత నీకు?” అన్నాడు కోపంగా.

కాంతయ్య ఖాళీ చెంబు కింద పెట్టాడు.

“వచ్చే తెరచాపకు బెరడు ఒక్కటే. అర్థమైందా లా?”

‘వచ్చే తెరచాప’ అన్న మాట కాంతయ్యకు కాసేపటికి గానీ చెవికెక్కలేదు. అప్పటికే తొలి చినుకులు పడుతున్నాయి. ఇద్దరూ కలిసి తెరచాపను పడవకెత్తి కట్టారు. పడవ వానలోకి సాగింది. అంచు నుంచి పసుపు నీళ్లు కారి, మలుపు తిరిగేసరికి ఇటుకరంగు గుడ్డ ఒక్కటే కనబడింది.

ఈ కథ టీకొట్టు దగ్గర కాంతయ్య చెప్పడు. అప్పలమ్మ చెబుతుంది. ఆమె చెప్పేటప్పుడు నది సముద్రం దాకా పసుపవుతుంది, చేపలన్నీ మంగళస్నానం చేసి తేలుతాయి.

“అంత లేదులేవే,” అంటాడు కాంతయ్య, టీ గ్లాసులోకి చూస్తూ.