ఐదువేల నలభై పోగులు

మగ్గాల షెడ్డులో అందరూ ఆమెను పడుగక్క అనే పిలుస్తారు. నిలువు పోగులు లెక్క ప్రకారం చుట్టి మగ్గానికి ఎక్కించడం ఆమె పని. పెళ్లయి వచ్చిన కొత్తలో అత్తగారు ఆ పనితో పాటు ఒక అంకె కూడా చేతిలో పెట్టింది: ఐదువేల నలభై. ఏ పడుగైనా అన్నే పోగులు. పువ్వుకు ఏడు పోగులన్నా, ఎనిమిదన్నా, తొమ్మిదన్నా, ఆఖరికి పన్నెండన్నా, పద్నాలుగన్నా, ఆ అంకె మారుమాట లేకుండా సమంగా పంచుకుపోతుంది. అంచు దగ్గర సగం పువ్వు వేలాడదు. అందుకే పువ్వు సంగతి అడగకుండానే పడుగు ఎక్కించేయడం ఆమెకు అలవాటైపోయింది. అడిగి నోరు నొప్పి పెట్టుకోవడం దేనికి?

నిన్నా అలాగే ఎక్కించింది. ఇవాళ భుజం పచ్చిపుండులా ఉంది. ఇక పువ్వు ప్రకారం పోగులు విడదీసి మగ్గం పళ్ల సందుల్లో దూర్చాలి. షావుకారు వచ్చి, మంచినీళ్లడిగినంత తేలిగ్గా అన్నాడు: "ఈసారి పువ్వుకు పదకొండు పోగులక్కా."

"పదకొండేంటి బాబూ? పదో పన్నెండో అనక!"

"కొనేవాళ్లు గీసి పంపింది అదే. సగం పువ్వు కనబడితే గుడ్డ వెనక్కే. కుదరకపోతే విప్పేసి మళ్లీ వెయ్యి."

చెప్పేసి వెళ్లిపోయాడు. విప్పేయాలట! మళ్లీ అన్ని పోగులూ లాగడానికి ఈ ఒంట్లో ఏం మిగిలిందని? పడుగక్క ఉన్నచోటే నేలమీద చతికిలబడింది.

తోడికోడలు నూలు చుడుతున్న కండె పక్కన పెట్టి వచ్చింది. "ఏడుస్తున్నావా అక్కా?"

"ఏడవడానికి ఓపికుండొద్దూ? మీ అత్తగారి అంకె నన్ను నిలువునా ముంచింది."

"నాకొక్కదానికే అత్తగారా ఆవిడ? సర్లే, ఎన్ని మిగులుతాయో చూశావా?"

"చూసేదేముంది? కుదరదు."

"కుదరకపోతే మానె. నాలుగొందల యాభై పువ్వులకి ఎన్ని పోగులు?"

"నాలుగువేల తొమ్మిదొందల యాభై," అంది పడుగక్క విసుగ్గా. "ఇంకా తొంభై ఉంటాయి. అందులో ఎనిమిది పువ్వులు, ఎనభై ఎనిమిది..." ఆగింది. "రెండు."

"రెండేగా! పువ్వులోకి రానీయకుండా ఇటంచుకొకటి, అటంచుకొకటి వదిలేద్దాం. ఎవరి కంటా పడవు."

పడుగక్క ఆ చివరా ఈ చివరా చూసింది. "మనిద్దరిలాగే అన్నమాట. ఏ పువ్వుకీ అక్కర్లేక చెరో వారా పడుండటం."

"చాల్లే, లే. నేను అటు కూర్చుంటా."

చెయ్యి పట్టి లాగితే గానీ లేవలేకపోయింది. మొదటి పోగు అంచుకు వదిలి, పదకొండు లెక్కపెట్టి విడదీసింది. మళ్లీ పదకొండు. ఇక సాయంత్రం దాకా ఇదే.

"ఇవాళేదో గట్టెక్కాం," అంది కాసేపటికి. "అదే పదమూడు అడిగుంటే తొమ్మిది మిగిలేవి. ఏ అంచుకని సర్దేవాళ్లం?"

"ఇకమీదట పువ్వెంతో ముందే అడుగు మరి."

"అడగకేం చేస్తాను? నోరు నొప్పైనా నయమే, ఈ భుజం కంటే."