విమానం సెట్టుతో భావనపాడు నుండి నెల్లిమర్లకి

మొక్కు తీర్చుకోడానికో, ఊళ్లు చూడడానికో చేసిన ప్రయాణం కాదిది. నెల క్రితం భావనపాడు నూకయ్య చేపల వేటకెళ్లి, బోటు మీదే గుండెనొప్పితో పోయాడు. ఒడ్డు నాలుగు గంటల దూరం. దగ్గర్లో ఉన్న పెద్ద బోటు వచ్చుంటే సగం సేపట్లో చేర్చేది. బోటులో వైర్‌లెస్ సెట్టుంది. బావమరిది సిమ్మాద్రి దాన్ని పట్టుకుని ఒడ్డు కనబడేదాకా అరిచానంటాడు. ఒక్క బోటూ పలకలేదు. "బటన్ నొక్కడం రానోడు" అని ఊరు ఊరంతా ఆడిపోసుకుంది. నూకయ్య భార్య పోలమ్మ సొంత తమ్ముడితో మాట మానేసింది.

ఆ సెట్టు కొనిపించింది పురాణాలు చెప్పుకునే నేనే. చిన్న విమానంలో పైలట్ ఎదుట బిగించేది. ముందువైపు రెండు చిన్న గాజు కిటికీలు: ఎడమ కిటికీలో మాట్లాడే ఛానెల్ అంకెలు, కుడి కిటికీలో దారి చూపే అంకెలు. పాత సామాన్ల కొట్టులో చూసి, నూకయ్యతో "ఆకాశంలో దారి చూపేది నీళ్ల మీద చూపదా?" అని గర్జించాను. బిగించిన రోజు పైన పోయే విమానాల వాళ్ల మాటలు అందులో గలగలా వినబడ్డాయి. ఇంకేం కావాలి! చంకలోని పురాణం తెరిచి, మొసలికి చిక్కిన ఏనుగు మొర వైకుంఠానికి ఎలా చేరిందో గంటసేపు చెప్పి హారతి ఇచ్చాను. పక్క బోటుని ఒకసారి పిలిచి చూద్దామని ఎవరికీ తోచలేదు. నాకు అసలే తోచలేదు.

తప్పు సెట్టుదో, మనిషిదో తేల్చుకోడానికే ఈ ప్రయాణం. సిమ్మాద్రి పొద్దున్న ఐదున్నరకి బయల్దేరి, టెక్కలి దాకా షేర్ ఆటోలోను, అక్కడ్నించి బస్సులోను ఎనిమిదింటికి శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌కి చేరాడు. నేనుండే అరసవల్లి నుండి ఆటోలో ఇరవై రూపాయలిచ్చి వెళ్లి కలిశాను. విజయనగరం బస్సుకి మనిషికి వందకి అటూఇటూ, రెండు గంటలు పడుతుంది. కండక్టరు అతని ఒళ్లోని తువ్వాలు మూట చూసి, "ఏటి బావా అది, టీవీయా?" అన్నాడు.

"ఇమానం రేడియో."

"ఓర్నీ! ఇమానం ఎక్కకుండా నా డొక్కు బస్సెక్కినావేటి మరి?"

అందరూ నవ్వారు. సిమ్మాద్రీ నవ్వబోయి, మూట మీద తల వాల్చేశాడు. రణస్థలం దాటేదాకా ఎత్తలేదు.

విజయనగరం నుండి నెల్లిమర్లకి షేర్ ఆటోలో అరగంట. జూట్ మిల్లు దాటాక చిన్న ఇంట్లో వెంకటరావు గారుంటారు. ఒకప్పుడు చిన్న విమానాల రేడియోలు బాగుచేసిన మనిషి. ఆయన సెట్టుకి బ్యాటరీ తగిలించి, మాట వీధి దాటి పోకుండా అడ్డు పెట్టి, అలాంటిదే ఇంకో చిన్న రేడియోని వెనకగదిలో ఉంచారు. "ఆరోజు ఏటన్నావో అదే అను నాయనా" అన్నారు.

సిమ్మాద్రి బటన్ నొక్కాడు. కిటికీలో చిన్న 'టి' అక్షరం వెలిగింది.

"భావనపాడు బోటండీ... మా బావకి గుండెల్లో నొప్పొచ్చేసినాది... ఎవులైనా రండి బాబూ..."

వెనకగదిలోంచి ఆ మాటలే, ఏడుపుతో సహా, స్పష్టంగా వినబడ్డాయి.

"ఆరోజూ ఈ అక్షరం వెలిగిందా?"

"ఎలిగింది బాబూ. నొక్కినప్పుడల్లా ఎలిగింది."

"అయితే నీ మాట బయటికెళ్లింది. సెట్టు మంచిదే, నువ్వూ సరిగ్గానే నొక్కినావు. కానీ బోట్లు వినే దారి వేరు, విమానాలు వినే దారి వేరు. ఇది ఏ బోటుకీ వినబడదు. పైన పోయే విమానంలో ఎవరి చెవినైనా పడుండొచ్చు. వాళ్లకి తెలుగు రావాలి కదా. ఈ కుడి కిటికీ కూడా విమానాశ్రయం స్టేషన్‌ని పట్టి దారి చూపుతుంది, అదీ ఎత్తులో ఉంటేనే. నీటి మీద దానికి ఏమీ అందదు."

ఏ శ్లోకం కోసమూ నా చెయ్యి చంకలోకి పోలేదు.

సాయంత్రం ఐదున్నరకి భావనపాడు చేరాం. పోలమ్మ గడపలో కూర్చునుంది. "నీ తమ్ముడు సరిగ్గానే నొక్కాడమ్మా, చాలాసేపు పిలిచాడు. తప్పు నాది" అన్నాను. ఆమె నన్ను చూడలేదు. "ఒరే, పొద్దున్నుంచి ఏటైనా తిన్నావేట్రా?" అని తమ్ముణ్ణి అడిగింది. సిమ్మాద్రి అక్కడే కూలబడి ఏడ్చాడు.

తర్వాత నావైపు తిరిగింది. "నీ మాట ఇనే కదా గురువుగారూ, మా ఆయన పాత సెట్టు అమ్మేసినాడు. అదుంటే ఎవులికైనా ఇనపడుండునా?"

ఆ పాతది బోట్లదే. గరగరలాడినా పలికేది. ఈ సంగతి పైన రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

"వినబడుండునమ్మా" అన్నాను.

ఇరవై ఏళ్లుగా ఊరూరా తిరిగి గొంతెత్తి చెబుతున్నాను. ఎవరి దగ్గరా చదవకుండానే నేర్చుకున్నానని గర్వపడ్డాను. తెలియని చోట నోరు మూసుకోవడం మాత్రం నేర్చుకోలేదు. ఆ ఒక్కటీ నేర్చుకోడానికి ఒక ఇంటి మగవాడు పోయాడు. ఆ రాత్రి బస్సులో పుస్తకం తెరవలేదు.

బోటుకి సెట్టు కొనేవాళ్లకి ఒక్క మాట. విమానం సెట్టు బోటులో పెట్టకండి, అది చట్టానికీ విరుద్ధం. బోట్ల కోసం చేసిందే, మత్స్యశాఖ ఆఫీసులో అడిగి కొనండి. బిగించాక పక్క బోటుని పిలవండి, అవతలివాడు తిరిగి పలికేదాకా వేటకి కదలకండి. ఈలోగా నాలాంటివాడెవడైనా హారతిపళ్లెంతో ముందుకొస్తే, కూర్చోమనండి.